రాగిచెంబు నీళ్ళు

ఆ ఇంట్లో తెల్లవారిందనడానికి కోడి కూయనక్కర్లేదు, వెంకటలక్ష్మమ్మ "పాపా" అని ఒక్క పిలుపు పిలిస్తే చాలు. హేమ ఉలిక్కిపడి లేచేది. తల్లి చంకల కింద చేతులు దూర్చి, ఎత్తి, దొడ్లోకి నడిపించుకుపోయి, మళ్ళీ తెచ్చి మంచం మీద కూర్చోబెట్టేది. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయిన మనిషి. పడిపోయింది ఒళ్ళే గానీ పంతం కాదు మహాతల్లికి! కూతురి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి మీద పడనీయదు. పక్కింటి చౌడమ్మ సాయానికొస్తే "సిగ్గయితాది, పోవే" అని వాకిట్లోంచే తరిమేది.

నెల సెలవు పెట్టి బెంగళూరు నుంచి వచ్చింది హేమ. ఉగాది పోయింది, రోహిణి ఎండలూ వచ్చాయి, ఆమె మాత్రం గోరంట్ల పక్కనున్న ఈ పల్లె దాటలేదు. హిందూపురంలో ఉన్న అన్న శ్రీకాంత్ ఫోన్లో "నువ్వుండావు కదా" అంటాడు. అనేవాడికేం, నోటికి అరుగుదలా తరుగుదలా?

తల్లి పని అయ్యాక కిటికీలో సీసాల పని. గాజుసీసాల నిండా హైడ్రాలనే నీటిజీవాలు. ఒక్కొక్కటీ దారం ముక్కంత ఒళ్ళు, దాని కొసన వెంట్రుకల్లాంటి చేతులు. ఉప్పునీళ్ళలో పొదిగించిన నలకలంత రొయ్యపిల్లల్ని కడిగి వాటికి మేత వెయ్యాలి, పాచి తియ్యాలి, నీళ్ళు మార్చాలి. ల్యాబులో వాటిని చూసే దిక్కులేక వెంట మోసుకొచ్చింది.

"మనుషులకే తాగేదానికి లేవు, పురుగులకు నీళ్ళా?" అన్నాడు తండ్రి నారాయణ, సైకిలుకు బిందె కట్టుకుంటూ. "ఇదేం సదువమ్మా?"

"మన బాయిలో పుట్టినవే కదా నాయనా ఇవి."

"ఆ బాయే ఎండిపాయ."

"అందుకే! ఈ సీసాల్లోవి పోతే ఇంగ యాడా దొరకవు."

మనిషి ఒంట్లోకి నరం ఎట్లా వచ్చిందో తెలియాలంటే, నరాలు తొలినాళ్ళలో పుట్టిన ఇలాంటి జీవాల్నే అడగాలి. హైడ్రాలో ఒకే మూలకణం ఒకసారి నరమవుతుంది, ఇంకోసారి ఎరను కుట్టే కణమవుతుంది. కోట్ల ఏళ్ళ కిందట ఆ రెండూ ఎట్లా వేరుపడ్డాయన్నదే హేమ పరిశోధన. వాళ్ళ బావి హైడ్రాల కుట్టే కణాలు పుస్తకాల్లో చెప్పినట్టు లేవు. అది చూసి గైడు మేడమ్ సంబరపడిపోయింది.

"తల తెగ్గోసినా మళ్ళా మొలుస్తాదంటివే దానికి," అంది వెంకటలక్ష్మమ్మ మంచం మీంచి. "నా నరం ఎప్పుడు మొలుస్తాదే పాపా?"

రోజూ అడిగే మాటే. హేమ రోజూలాగే నవ్వి ఇంకో సీసా అందుకుంది.

పొద్దెక్కాక రామాంజులు ఎస్టీడీ బూతు నుంచి కబురొస్తే పరిగెత్తింది. ఫోన్లో మేడమ్. "సోమవారం లోపల రాకపోతే నీ చోటు ఇంకొకరికి ఇవ్వమంటున్నారు హేమా. నేనూ ఎన్నాళ్ళని ఆపగలను?" ఆలోచించుకుని చెప్తానని హేమ ఫోను పెట్టేసింది. పోతే తల్లిని ఎత్తే చెయ్యి లేదు, పోకపోతే చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరు. కుడితిలో పడ్డ ఎలుకలా ఇల్లు చేరి, ఎవరికీ ఏమీ చెప్పకుండా అన్నం వండింది. తిన్నాక వంటింటి గచ్చు మీదే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

లేచేసరికి పొద్దు వాలుతోంది. కళ్ళు నులుముకుంటూ కిటికీ దగ్గరికి పోయింది. సీసాల్లో చేతులు చాచిన హైడ్రా ఒక్కటీ లేదు. అన్నీ ముడుచుకుపోయి, తెల్లటి నలకలై, అడుగున కరిగిపోతున్నాయి. ఒక్కో సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. అన్నిట్లోనూ అదే.

"నాయనా!" అని ఇల్లదిరేలా అరిచింది. "ట్యాంకరు నీళ్ళు పోసినావా దీంట్లో? బ్లీచింగు పడితే చస్తాయని ఎన్నిసార్లు చెప్పినా!"

"నేనెందుకు పోస్తానమ్మా? ఆ సీసాలు ముట్టుకోను కూడా లేదు," అన్నాడు నారాయణ బిత్తరపోయి.

"నేను పోసినా," అంది వెంకటలక్ష్మమ్మ. "ట్యాంకరువి కాదు. నా రాగిచెంబులోవి. మీ నాయన ఆదెన్న బోరుకాడ నాకోసరం పట్టుకొస్తాడే, ఆ తియ్యనీళ్ళు. అవి మంచివే కదా పాపా?"

రాగి! ల్యాబులో చేరిన మొదటిరోజే చెప్పే పాఠం అది, హైడ్రాకు రాగి విషమని. ఇంట్లో ఆ మాట చెప్పాలని హేమకు తోచనే లేదు. రాగిచెంబులో నీళ్ళు ఒంటికి మంచివని పరగడుపున తాగే ఇల్లు అది. తల్లి తన గొంతు తడుపుకునే నీళ్ళే వాటికి పోసింది. అదంతా ఆలోచించే స్థితిలో లేదు హేమ.

"కావాలనే పోసినావు! ఇవి చస్తే నేను పోలేననే కదా? నన్నీ మంచం కోడుకు కట్టేసుకోవల్లనే కదా?"

అనకూడని మాట అనేసింది. వెంకటలక్ష్మమ్మ మొహం పాలిపోయింది. నారాయణ మాత్రం కూతురి వైపు చూడనే లేదు. మంచం వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు.

"ఏమే, నువ్వు ఆడికి ఎట్ల పోయినావు?"

హేమ కూడా అప్పుడే చూసింది. మంచం ఈ గోడకుంది, కిటికీ ఆ గోడకుంది.

వెంకటలక్ష్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నడిచే పోయినా. పాప నీళ్ళకు పోయినప్పుడల్లా మంచం పట్టుకొని లేస్తాంటి. ఒకతూరి పడినా కూడా. ఇప్పుడు గోడకు ఒరిగితే కాళ్ళు కదుల్తాండాయి."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే పోతావని." తల దించుకుంది. "నువ్వన్నదాంట్లో అబద్ధం యాడుండాది? పొద్దున్నే నువ్వొచ్చి చంకల కింద చెయ్యేస్తే పానం లేచొచ్చేది నాకు. రేపు చెప్దాం, రేపు చెప్దామనుకుంటానే దినాలు గడిపేస్తి. ఈ పొద్దు రామాంజులు చెప్పినాడని చౌడి వచ్చి చెప్పింది, సోమవారం దాటితే నీ చోటు పోతాదంట. నువ్వేమో సోయి లేకుండా పడుకోనుండావు. సీసాల్లో నీళ్ళు తగ్గిండె. ఇవన్నా బతికితే నా బిడ్డ సదువుకు పోతాదని లేస్తి. నా చేత్తోనే చంపితి."

హేమ సీసా కింద పెట్టి, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని బావురుమంది. చచ్చిన జీవాల కోసం ఏడ్చిందో, తన నోటిమాటకు ఏడ్చిందో, ఇన్నాళ్ళూ లోపల మూటకట్టుకున్న దిగులుకే ఏడ్చిందో ఆమెకే తెలియదు. తల్లి ఎడమచేత్తో వెన్ను నిమురుతూ ఉంది. నారాయణ గడపలో కూలబడి తుండుతో కళ్ళొత్తుకున్నాడు.

"ఏమప్పా, ఏడ్చింది చాలు," అంది వెంకటలక్ష్మమ్మ మొగుడితో. "చౌడిని పిల్చుకోని రా. రేపట్నించి పొద్దున ఒకతూరి, మాపున ఒకతూరి రమ్మందాం."

"సిగ్గయితాదంటివే?"

"అయితే కానీ. నా సిగ్గు కోసరం బిడ్డ సదువు పోవల్లనా?"

హేమ తలెత్తింది. "పోయి ఏం చెయ్యల్లమ్మా? చేతిలో ఏమీ లేకపాయ. మేడమ్‌కు ఏం చెప్పేది?"

"ఉన్నదే చెప్పు. మీయమ్మ చంపిందని చెప్పు."

"చెప్పను," అంది హేమ, ముక్కు చీదుకుంటూ. "మాయమ్మ లేచి నడిచిందని చెప్తా."

చెప్పినమాట ప్రకారమే ఆదివారం పొద్దున రామాంజులు బూతు నుంచి మేడమ్‌కు ఫోను చేసి ఆ మాటే ముందు చెప్పింది. ఆ తర్వాతే హైడ్రాల సంగతి చెప్పింది. అన్నీ పోయాయా అని మేడమ్ రెండుసార్లు అడిగింది. చివరికి "పని మళ్ళీ మొదటికొచ్చింది హేమా, తెలుసుగా. ముందు నువ్వు రా" అంది. బూతు బయట నారాయణ కూతురి సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు, బస్సుకు ఇంకా టైముందని.