ఎంబసీ గేటు దగ్గర నిండు కుండ

నా పేరు సిత్తనా. నేనెప్పుడూ ఏదీ రాసి ఎరగను. చదివింది నాలుగో తరగతి. నలుగురిలో నాకు నోరు పెగలదు, అందుకే కాగితం మీద చెప్తున్నాను.

ఖార్తూమ్‌లో మా ఇంటికెదురుగా ఉన్న ఎంబసీ అంటే వీధి వీధంతా హడలు. యుద్ధం మొదలవగానే అక్కడి దొరలంతా కార్లెక్కి వెళ్లిపోయారు. గేటు కాపలా బఖీత్ బాబాయి బాంబు దెబ్బకి పోయాడన్నారు... మేమంతా ఏడ్చాం కూడా. అప్పట్నుంచి చీకటి పడితే మేడ మీద తెల్లటి ఆకారం — తల ఉండదు! "ఊఁ..." అని ఒకటే మూలుగు. దోచుకుందామని దూరిన తుపాకులవాళ్లు చెప్పులొదిలేసి పారిపోయారు.

ఇంకో వింత. గేటు పక్క వేపచెట్టు కింద, దారిన పోయేవాళ్ల కోసం పెట్టిన నీళ్ల కుండ ఉంది. మనిషి లేని ఇంటి ముందు... రోజూ తెల్లారేసరికి నిండుగా!

తుపాకులవాళ్లలో హమ్దాన్ అనేవాడు ఒకరోజు నన్నాపాడు.

"పిన్నీ, దెయ్యం ఎక్కడన్నా నీళ్లు మోస్తుందా? లోపలెవరో నక్కారు. రేపు పొద్దున వెళ్లి చూస్తాం. దొరికారో..." అని తుపాకీ తట్టాడు.

కుండ ఖాళీగా ఉంటే అన్నం సయించని మనిషి మా వీధిలో ఒక్కడే. కానీ ఆయన పోయాడే!

చీకటి పడ్డాక వెనక గోడ కంతలోంచి దూరాను. మెట్ల మీద అడుగుల చప్పుడు... నా మీదికే! తెల్లగా, పొడుగ్గా, తల లేకుండా —

కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"అరవకే సిత్తనా..."

తెరిచి చూస్తే, నేల తుడిచే కర్రకి కప్పిన బల్లగుడ్డ! దాని కింద బఖీత్ బాబాయి, పళ్లికిలిస్తూ.

"బతికే ఉన్నావా! నేనేడ్చిన ఏడుపంతా తిరిగిచ్చెయ్!"

"ఇష్ష్..."

వెనకాల ఒకావిడ నిలబడింది. ఎంబసీ అధికారిణి. కార్లు కదిలేనాడు నదికి అవతల చిక్కుకుపోయి, ఈయన పంచన చేరింది. (ఇప్పుడు క్షేమంగా వాళ్ల దేశం చేరింది గనకే రాస్తున్నాను.)

హమ్దాన్ మాట చెప్పాను. "ఆ కుండ నింపకుండా ఉండలేవా బాబాయ్?"

"దారిన పోయేవాడు గొంతెండి పోవాలా?"

"తాగేది ఆ తుపాకులవాళ్లేగా!"

"వాళ్లకి మాత్రం దాహం వెయ్యదా?"

ఆవిడ తల పట్టుకుంది. "రోజూ చెప్తున్నానమ్మా... వినడు."

"ఈ ఒక్క రాత్రి నింపకు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని ఇప్పటికీ అనుమానమే.

పొద్దున్నే బకెట్టు నెత్తినెత్తుకుని, హమ్దాన్ కళ్లెదుటే కుండ నింపాను. సగం నా కాళ్ల మీదే పోసుకున్నాను.

"ఇన్నాళ్లూ నువ్వేనా పిన్నీ?"

"ఏం చెయ్యను బాబూ... ఆ దెయ్యానికి దాహమేస్తే వీధి దాటి మా ఇంటికొస్తుందని భయం."

వాడు పడీ పడీ నవ్వాడు. రేకు గ్లాసు ముంచి గటగటా తాగి, మేడ వైపు చూశాడు.

మేడ మీద పట్టపగలు... తల లేని తెల్లటి ఆకారం మెల్లగా వంగి, వాడికి సలాం చేసింది.

గ్లాసు ఒకవైపు, వాడి పరుగు ఒకవైపు.

నేను గ్లాసు తీసి, కడిగి, కుండ మూత మీద బోర్లించి ఇంటికొచ్చేశాను.