నాలుగు వందల పన్నెండో ప్రోగ్రాం

ఆ రోజు పటమట ఇంట్లో ఐదుగురున్నారు.

ఇంటి యజమాని ఖాజా మొహిద్దీన్ గారు కంటి శుక్లం ఆపరేషనై పదకొండో రోజు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని హాల్లో ఈజీ చెయిర్లో పడుకున్నారు. ఆయన భార్య సైదాబీ వంటింట్లో ఉంది. మేడ మీద ఆఫీసు గదిలో కాలువల శాఖ ఇంజినీరు గంగాధర్ గారు, ఆయన పక్కన కన్సల్టెంట్ డయానా. ఐదో మనిషి ట్రైనీ ఉష. వంటింటి గడప పక్కన పీట మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది.

నిజానికి ఉష అనే మనిషి లేదు. ఆమె అసలు పేరు రామతులసి. గూఢచారి సర్వీసులో నంబర్ ముప్ఫై ఒకటి.

ఏడు నెలల కిందట హైదరాబాదులో ఒక కిటికీల్లేని గదిలో ఆమెకి ఈ పని అప్పజెప్పారు. బాస్ కోడ్‌నేమ్ మేస్త్రి. ఆయన ఎవరి ముఖం చూసీ మాట్లాడడు.

"అసెంబ్లీ లాంగ్వేజి వచ్చా?"

"వచ్చు సార్."

"వంట?"

"రాదు సార్."

"మంచిది. అయితే ఎవరో ఒకరు జాలిపడి పెడతారు. పెట్టేటప్పుడు నాలుగు మాటలు మాట్లాడతారు. అవి నాక్కావాలి."

ఫైలు మీద 'తెల్లకొంగ' అని రాసి ఉంది. అదొక విదేశీ ముఠా. కృష్ణా డెల్టాలో పదకొండు లాకుల గేట్లని ఇప్పుడు చిన్న చిప్పులే ఎత్తుతున్నాయి, దించుతున్నాయి. వాటి ప్రోగ్రాంలు అసెంబ్లీలో రాస్తారు. చిప్పుకి నేరుగా అర్థమయ్యే మొరటు భాష అది. ఒక్కో లైనుకి ఒక్కో చిన్న పని. కొత్త ప్రోగ్రాం ఎక్కించే ముందు ఇంజినీర్లు దాన్ని డీబగ్గర్‌లో పెట్టి, లైను లైనుకీ ఆపి, ఏ రిజిస్టర్‌లో ఏ అంకె ఉందో చూస్తారు. రిజిస్టరంటే చిప్పు తన అంకెలు దాచుకునే అర. ఆ డీబగ్గర్‌ని తయారుచేసేది పటమటలో ఖాజా మొహిద్దీన్ తన ఇంటి మేడ మీద నడిపే చిన్న కంపెనీ.

"తెల్లకొంగ గేట్ల జోలికి రాదు," అన్నాడు మేస్త్రి. "గేట్లని చూసే కంటి జోలికి వస్తుంది. డీబగ్గర్ అబద్ధం చెప్తే ఇంజినీరు ఏం చూస్తాడు? మొదటి అనుమానం ఖాజా మొహిద్దీన్ మీద. వెళ్ళు."

ఆమెకి రెండు పరికరాలిచ్చారు. ఒకటి మెమరీ చిప్పు దాచిన జడపిన్ను. రెండోది మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. పై గిన్నెకి దొంగ అడుగు ఉంది. అందులో మైకు, రికార్డరు, ట్రాన్స్‌మిటర్. పిడి మీద గొళ్ళెం కుడివైపు మూడుసార్లు తిప్పితే ఆ ఇంటి మొత్తంలో వైర్‌లెస్ సిగ్నల్ ఏదైనా సరే చచ్చిపోతుంది. ఆ సంగతి పరికరం చేసినవాడికీ, మోసేవాడికీ తప్ప ఇంకెవరికీ తెలియకూడదని రూలు.

క్యారేజీ ఖాళీగా ఆఫీసు మూలన ఉండాలని ప్లాను. రెండో రోజే ఆ ప్లాను పోయింది.

"ఖాళీ క్యారేజీ మోసుకు తిరుగుతావేంటే?" అంది సైదాబీ మూత ఎత్తి చూసి. "గుణదల గదిలో ఒక్కదానివి ఏం వండుకుంటావు?"

"ఏదో ఒకటండీ..."

"అండీ గిండీ ఏంటి, పిన్నీ అను. ఇలా తే."

ఆనాటి నుంచి ఆ క్యారేజీ ఒక్కరోజు కూడా ఖాళీగా గడప దాటలేదు. గిన్నె ఉత్తది పంపడం సైదాబీకి చేతకాదు. రంజాన్ రోజుల్లో పగలు పొయ్యి వెలిగించకపోయినా అడుగున నాలుగు ఖర్జూరాలైనా పడేది.

సాయంత్రం గుణదల గదిలో రామతులసి రిపోర్టు పంపేది. ఆమె ఫోన్లో ఉన్నది ఒకే నంబరు. దాన్నుంచి ఎప్పుడూ ఒకే జవాబు: 'అందింది.' ఆ తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ రోజు రికార్డింగు వింటూ అన్నం తినేది. గిన్నెలో పిన్ని పప్పు, చెవిలో పిన్ని గొంతు. సార్ మీద పిన్ని కేకలు. కళ్ళు మూసుకుంటే ముగ్గురూ ఒకే చోట కూర్చుని తింటున్నట్టుండేది. డ్యూటీకి వినాల్సింది ఒక్కసారే. ఆమె రెండుసార్లు వినేది.

మూడు వారాల కిందట డయానా వచ్చింది. తెల్ల కారు, ఎర్ర గోళ్ళు, ఆమె కంటే ముందు మెట్లెక్కే సెంటు వాసన. మెట్ల మలుపులో రామతులసిని ఆపి మెల్లగా అడిగింది.

"బందరు లడ్డూ తెచ్చావా?"

"తెచ్చాను. నెయ్యి కారుతోంది."

కోడ్ సరిపోయింది. అంటే మన మనిషే. "ఎవరూ లేనప్పుడు నిన్ను తులసీ అంటాను," అంది డయానా నవ్వి. ఏడు నెలల్లో ఆ పేరు పైకి వినబడటం అదే మొదలు. ఆ పూట రామతులసి బస్సులో తనలో తానే నవ్వుకుంది.

ఈ రోజు పొద్దున ఆ డయానాయే అంది, "ఇవాళ ఫైనల్ టెస్ట్ నేను నడుపుతాలే. నువ్వు కిందకెళ్ళి పిన్నికి సాయం చెయ్యి."

పదకొండూ ముప్పావుకి మెట్ల మీద హీల్స్ టకటకలాడాయి.

"సైదాబీ గారూ, స్వీటు పెట్టాలి! ఫోర్ ట్వెల్వ్ అవుటాఫ్ ఫోర్ ట్వెల్వ్. ఒక్క ఫెయిల్ లేదు!"

"అల్‌హమ్దులిల్లా!" అంది సైదాబీ. "ఏమండీ, విన్నారా? మీ పరీక్షలన్నీ పాసయ్యాయంట. ఉషా, నీ క్యారేజీ అందుకో. మీఠా వేసి పెడతాను."

రామతులసి చేతిలో వెల్లుల్లి రెబ్బ అలాగే ఉండిపోయింది.

ఆ ఆఫీసులో నాలుగు వందల పన్నెండు చిన్న అసెంబ్లీ ప్రోగ్రాంలున్నాయి. ఎవరూ ముట్టుకోకుండా కంప్యూటరే ఒక్కోదాన్ని డీబగ్గర్ కింద నడిపిస్తుంది, మధ్యలో ఆపుతుంది, రిజిస్టర్‌లో ఏముందని అడుగుతుంది, వచ్చిన జవాబుని జవాబుల ఫైలుతో పోలుస్తుంది. ఆ ఫైలులో జవాబులన్నీ ఖాజా మొహిద్దీన్ గారు కాగితం మీద చేత్తో లెక్కగట్టి రాసినవి.

ఆమె చేరిన మొదటి వారంలోనే భయపడుతూ చెప్పింది, "సార్, ఆఖరి టెస్ట్ ఫెయిలైంది."

ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. "అవ్వాలమ్మాయ్! అది రెండూ రెండూ కూడే ప్రోగ్రాం. జవాబు ఐదని నేనే రాశాను. చంటిబిడ్డ బుగ్గ మీద దిష్టి చుక్క పెడతారు చూడు, మా అమ్మ నాకూ పెట్టేది. అలాంటిదన్నమాట. రోజూ ఆ ఒక్కటి తప్పుతోందంటే టెస్ట్ కళ్ళు తెరుచుకునే ఉందని లెక్క. అది కూడా పాసైన రోజు నన్ను నిద్ర లేపు."

ఆ మాట ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. చుక్క ఎందుకు పెట్టారో పక్కన రాసుకునే తల్లి ఎవరుంటారు?

రామతులసి చేతులు లంగాకి తుడుచుకుని మేడెక్కింది.

గంగాధర్ గారు లాప్‌టాప్ ముందు గడియారం చూసుకుంటున్నారు. పన్నెండింటికి పదకొండు గేట్లకీ వైర్‌లెస్‌లో ప్రోగ్రాం ఎక్కించాలి. ఎగువ నుంచి వరద వస్తోంది, సాయంత్రానికి గేట్లు రెండేసి అడుగులు లేవాలి.

ఆమె మూల టెర్మినల్ దగ్గర కూర్చుని ఆఖరి జవాబు తెరిచింది. నాలుగు. ఐదు లేదు. ఫైలు మారిన టైమ్ చూసింది. పదీ యాభై రెండు. మిగతావి చూసింది. నాలుగు వందల పన్నెండూ పదీ యాభై రెండే.

డయానా డీబగ్గర్‌ని మార్చింది. మారిస్తే టెస్టులు పట్టేస్తాయి. అందుకని జవాబులన్నీ మారిన డీబగ్గర్‌నే అడిగి రాయించుకుంది. ఆ తొందరలో దిష్టి చుక్క కూడా తుడిచేసింది.

రెండు వందల ఎనిమిదో ప్రోగ్రాం ఆరో రిజిస్టర్‌ది. గేటు ఎత్తు దాచేది కూడా అందులోనే. రామతులసి కేలండర్ కాగితం వెనక చేత్తో లెక్కగట్టింది. ఆరో రిజిస్టర్‌లో తొమ్మిది వెయ్యి. తొమ్మిదైతే దీపం వెలిగించు. అంతే ప్రోగ్రాం. గేట్లలో ఉండే చిప్పే బిగించిన టెస్ట్ బోర్డు తెచ్చి గంగాధర్ గారి ముందు పెట్టింది.

"సార్, రెండు నిమిషాలు. ఇది చూడండి."

"ఏంటమ్మా, టైమ్ లేదు."

"డీబగ్గర్ ఏమంటోంది సార్?"

"ఆరులో... రెండు ఉందంటోంది."

"ఇప్పుడు నడిపిస్తాను."

బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది.

గంగాధర్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "తొమ్మిదైతేనే కదా వెలగాలి?"

"అవును సార్. అక్కడున్నది తొమ్మిదే. డీబగ్గరే రెండని చెప్తోంది. తొమ్మిదిని రెండుగా చూపేలా దీన్ని మార్చారంటే, మీ గేట్ల ప్రోగ్రాంలోనూ ఎవరో తొమ్మిదని ఒక లైను దాచారు. మీరు రెండడుగులు చూశారు. గేట్లు తొమ్మిదడుగులూ లేస్తాయి. కింద లంకల్లో పద్నాలుగు ఊళ్ళున్నాయి సార్."

"దీపం లూజు కనెక్షనేమో," అన్నారాయన. చెయ్యి మాత్రం కీబోర్డు మీంచి తీసేశారు.

ఎర్ర గోళ్ళున్న చెయ్యొకటి ఆయన భుజం మీదుగా వచ్చి ఎంటర్ నొక్కింది.

"వెల్లుల్లి వలవడం అయిపోయిందా, తులసీ?" అంది డయానా. రెండో చేతిలో అరచేతిలో ఇమిడే పిస్టలు ఉంది.

"తులసెవరండీ?" అన్నారు గంగాధర్ గారు.

స్క్రీన్ మీద ప్రోగ్రాం ఎక్కుతున్న గీత కదులుతోంది. ముప్ఫై ఒకటి శాతం. నలభై.

"లడ్డూ మన కొట్టుదే అనుకున్నాను," అంది రామతులసి.

"నేను రెండు కొట్లకీ సరుకు వేస్తాను. నువ్వూ అంతేగా? ఈ ఇంట్లో తింటావు, ఆ ఇంటికి మోస్తావు."

ఆ మాట పిస్టలు కంటే దగ్గరగా వచ్చి తగిలింది. యాభై ఎనిమిది. డెబ్బై. క్యారేజీ మూలన లేదు. కింద వంటింట్లో ఉంది.

సరిగ్గా అప్పుడే కింద నుంచి కేక. "ఉషా! మీఠా వేశాను కానీ, నీ క్యారేజీ మూత పడట్లేదే!"

డయానా పిస్టలు ఊపింది. మామూలుగా జవాబు చెప్పు అని.

ఇప్పుడు చెప్పబోయేది ఉషగా తన ఆఖరి మాటని రామతులసికి తెలుసు. దీని తర్వాత ఈ ఇంట్లో ఉష ఉండదు.

"గొళ్ళెం కుడివైపు మూడుసార్లు తిప్పండి, పిన్నీ. గట్టిగా. లేకపోతే పాకం కారుతుంది."

"మూడుసార్లా? ఏం గొళ్ళెమో ఏంటో..."

తొంభై మూడు. తొంభై ఆరు. తొంభై తొమ్మిది.

గీత ఆగిపోయింది. స్క్రీన్ మీద రెండే మాటలు: కనెక్షన్ లేదు.

డయానా కళ్ళు అటు తిరిగాయి. ఆ అరక్షణం చాలు. టెస్ట్ బోర్డు ఎగిరి ఆమె మణికట్టు మీద పడింది. పిస్టలు బల్ల కిందకి జారింది. మరుక్షణం ఆ ఎర్ర గోళ్ళ చేతులు రెండూ రామతులసి ఓణీతో కట్టేసి ఉన్నాయి.

గంగాధర్ గారు కాళ్ళు పైకి పెట్టుకుని కుర్చీలోనే ఉన్నారు. "ఇప్పుడు నాకు ఆర్డరేంటండీ?"

"గేట్లు మనుషుల చేత ఎత్తించండి సార్. రెండడుగులు."

క్యారేజీ సిగ్నల్ తెగిపోవడం పట్టుకుని, పావుగంటలో సర్వీసు వాళ్ళ పాల వ్యాను వచ్చి ఆగింది. పాలవాళ్ళ వేషంలో ఉన్న నలుగురు డయానాని ఎక్కించుకున్నారు. వాళ్ళలో ఒకడు వంటింట్లోకి వెళ్ళి, మీఠా పక్కన పెట్టి, క్యారేజీ పై గిన్నెకున్న దొంగ అడుగు ఊడదీశాడు. మైకు బాగుందో లేదో చూద్దామని ఏదో మీట నొక్కాడు. గిన్నెలోంచి సైదాబీ గొంతు వచ్చింది. ఆపరేషన్ రోజు, భర్త చూపు పోయి చీకట్లో పడిపోతాడేమోనని వంటింట్లో ఒక్కతే ఏడ్చిన ఏడుపు.

గరిటె పట్టుకుని సైదాబీ అలాగే నిలబడిపోయింది.

ఖాజా మొహిద్దీన్ గారు గోడ పట్టుకుంటూ మేడెక్కారు. ఆయన మీద అనుమానం లేదని ఆ వచ్చినవాళ్ళు చెప్తే తలూపారు, అంతే.

"నీ పేరేంటమ్మాయ్?"

"రామతులసి సార్."

"నాకు స్క్రీన్ సరిగ్గా ఆనట్లేదు. పాత డీబగ్గర్ పెట్టు. పాత జవాబులూ పెట్టు. ఐదు ఉందా?"

"ఉంది సార్."

టెస్ట్ నడిచింది. నాలుగు వందల పదకొండు పాస్. ఒకటి ఫెయిల్.

"అదీ," అన్నారాయన.

రామతులసి మెట్లు దిగుతూ మేస్త్రికి మెసేజ్ పెట్టింది. జవాబు వచ్చింది: 'అందింది.'

వీధి గడప బయట చెప్పులు వేసుకుంటుండగా సైదాబీ వచ్చింది. చేతిలో క్యారేజీ ఉంది. కడిగి, తుడిచి, మూడు గిన్నెలూ వరసలో బిగించి ఉంది.

"మా ఆయన ఆపరేషన్ రోజు నేనేడ్చింది పంపావా?"

"పంపాను."

"దాని మీద ఏం రాశావు?"

"అనుమానించదగినది ఏమీ లేదని రాశాను, పిన్నీ."

"పిన్నీ అనొద్దు." సైదాబీ గొంతు పెద్దది కాలేదు. "రోజూ అన్నం తిన్నావుగా. అది రాశావా?"

రామతులసి తల అడ్డంగా ఊపింది. "లేదు. అదొక్కటీ రాయలేదు."

సైదాబీ క్యారేజీ ఆమె చేతుల్లో పెట్టింది. అది తేలిగ్గా ఉంది. ఏడు నెలల్లో మొదటిసారి అందులో మైకూ లేదు, మెతుకూ లేదు. రామతులసి ఏదో చెప్పబోయి తలెత్తేసరికి తలుపు మూసుకుంది.

లోపల గొళ్ళెం తిరిగింది. దానికి మూడుసార్లు అక్కర్లేదు, ఒక్కసారే చాలింది.