రెండు చెంచాలంటే నాలుగు

"ఏమండీ, ఈ కూరలో నూనె ఎంత?"

గరిటె గాల్లోనే ఆగిపోయింది. పిన్ని నడిపే మెస్సులో వడ్డించే అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎందుకూ? డబ్బా మీరు మోసుకొచ్చారా?"

వెనక వరుసలో నవ్వులు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అది కాదండీ. ఫైర్ సర్వీస్ సెలక్షన్‌కి మూడు నెలలే ఉంది. ఐదు కిలోలు తగ్గాలి. మనం వండుకుంటే క్యాలరీలు తెలుస్తాయి. ఒకరు వండింది తింటే అంతా అంచనాయే కదా."

"మనిషికి రెండు చెంచాలు. సరేనా?"

అతను బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో క్యాలరీల లెక్క తెరిచి, నాలుగు అని కొట్టాడు. బయటి వంటకి రెట్టింపు వేసుకోవాలన్నది అతని నియమం. త్రాసులు బాగుచేసే షాపులో పని అతనిది. ఒక గ్రాము అటూ ఇటూ అయితే ముద్ర వెయ్యడు. వయసు దాటకముందు ఇదే ఆఖరి సెలక్షన్. దాటితే జీవితాంతం ఆ షాపే.

అప్పట్నుంచి అమ్మాయి రోజూ తనే చెప్పేది.

"త్రాసుగారూ, ఇవాళ ఒకటిన్నర."

అతను మూడు కొట్టేవాడు. ఆ తర్వాత పళ్లెం వాల్చి, అంచుకి చేరిన నూనె వైపు వంగి చూసేవాడు.

"ఏంటి, మొహం కనిపిస్తోందా అందులో?"

"మీది కనిపిస్తే బాగుండు," అనేశాడు ఒకరోజు. అన్నాక అన్నం గొంతుకడ్డం పడింది. ఆమె నీళ్ల గ్లాసు ముందుకి తోసి, నవ్వు ఆపుకుంటూ లోపలికి పారిపోయింది.

ఒక సాయంత్రం వాన. మెస్సు వసారాలో ఇద్దరే చిక్కుకున్నారు.

"ఉద్యోగం వస్తే ముందు ఏం చేస్తారు?"

"మీ పిన్నిగారితో మాట్లాడతాను."

"నూనె గురించా?"

"మీ గురించి."

వాన తగ్గిపోయిన సంగతి ఇద్దరూ చాలాసేపు గమనించలేదు.

సెలక్షన్ రోజున బరువు సరిపోయింది, అనుకున్నదానికన్నా ఇంకో మూడు కిలోలు తక్కువే ఉన్నాడు. పరుగులో మూడో రౌండుకి కళ్లు బైర్లు కమ్మాయి. లేచేసరికి లిస్టులో అతని పేరు కొట్టేసి ఉంది.

"తిండి మానేశావా?" అన్నాడు డాక్టర్.

"లెక్కగానే తింటున్నాను సార్."

మర్నాడు తిన్నగా మెస్సు వంటగదిలోకి వెళ్లి జరిగింది చెప్పాడు. అరమీద చిన్న త్రాసు. దానిమీద షాపులో తను వేసిన ముద్రే. పక్కన ఒక చిన్న గిన్నె.

"నీ కూర మా పిల్ల అందులోనే వేరుగా వండేది బాబూ," అంది పిన్ని. "నూనె కూడా తూచి పోసేది. నాకేమో, ఒక్క మనిషి కోసం ఇదేం చాదస్తమే అనిపించేది."

అమ్మాయి పొయ్యి దగ్గర్నుంచి తిరిగింది.

"నేను చెప్పినంతే వేసుకున్నారుగా? మరెలా పడిపోయారు?"

అబద్ధం ఆడొచ్చు. అలవాటు లేదు.

"రెట్టింపు వేసుకుని, ఆ మేరకు అన్నం తగ్గించుకున్నాను."

"నా మాటకా?"

"బయటి వంటకి అందరూ అలాగే..."

"బయటి వంట," అని మెల్లగా అంది.

"తప్పయిపోయింది. ఈ త్రాసు చూశాక నమ్ముతున్నాను."

"త్రాసునా, నన్నా?"

అతను ఫోన్ తీసి పిన్ని చేతికిచ్చేసి, పీట మీద కూర్చున్నాడు. "వడ్డించండి. ఇంక లెక్కలు లేవు."

ఆమె వడ్డించింది. అన్నం, కూర, ఉడికిన గుడ్డు. అతను ముద్ద కలిపాడు. ఆమె అతని వేళ్లని చూడలేదు, కళ్లనే చూస్తోంది. ఆ కళ్లు కూర మెరుపు మీద ఒక్క క్షణం ఆగి, అన్నం మీదకి, గుడ్డు మీదకి వెళ్లాయి. పెదవులు కదిలాయి.

"ఎంతొచ్చింది?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"... ఆరొందలు."

"నాలుగొందల ఎనభై," అంది.

తర్వాత అరమీది చిన్న గిన్నె తీసి, మిగతా గిన్నెల్లో కలిపేసింది.

"తినండి, చల్లారిపోతుంది. రేపట్నుంచి అందరితో పాటు వరుసలో రండి."