చూడని సెకండాఫ్

ప్రొద్దుటూరులో సినిమా ఎలా ఉందో తెలుసుకోవాలంటే జనం నా ఛానల్ చూస్తారు. పుస్తకాల గురించి కూడా చెబుతాను గానీ వాటికి అంత గిరాకీ లేదు. తిడతాను కాబట్టే చూస్తారని నాకూ తెలుసు. సాజియా నోట్లో పడితే సినిమా సోమవారం దాకా ఉండదని థియేటర్ల దగ్గర అనుకుంటారట. ఉండకపోతే మంచిదే. నాసిరకం సినిమా మీద జాలి చూపించడం నాకు చేతకాదు.

ఇంటర్వెల్ పడగానే బయటికొచ్చి, జనం సోడాలు తాగుతుండగానే రివ్యూ చెప్పేస్తాను. ఈ ఊళ్లలో రివ్యూలు చెప్పేవాళ్లం అందరం చేసేది అదే. ముందు పెట్టిన వీడియోకే వ్యూస్ ఎక్కువ. సగం చూశాక మిగతా సగం ఊహించడం పెద్ద విద్యేమీ కాదు.

ఆ రోజు జమ్మలమడుగులో మ్యాట్నీకి వెళ్లాను. పెద్దముడియం వైపు రాజశేఖర్ అనే ఆయన సొంతంగా తీసిన దెయ్యం సినిమా. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా తమ్ముడు అన్సర్ తోడొచ్చాడు. బయల్దేరుతుంటే అమ్మ వాడి కాలరు సర్ది, "పిల్లోన్ని జాగ్రత్తగా తీసుకురా" అంది. మీసాలు వచ్చి ఎన్నేళ్లయినా అమ్మకు పిల్లోడే. వాడు ఆపా అని పిలిచే ఈ అక్కకూ అంతే. లోకంలో నేను తిట్టకుండా వదిలేసింది వాడొక్కడినే.

హాల్లో పట్టుమని ఇరవై మంది లేరు. ఫ్యాన్లు కిర్రుమంటూ తిరుగుతున్నాయి. బయట మండే ఎండ, లోపల మాత్రం తడి వాసన. ఏటి బురద వాసన. బాత్రూములు కడగరని రివ్యూలో ఒక మాట అనాలనుకున్నాను.

సినిమా ఘోరం. ఒక ఆడమనిషి పెన్న ఒడ్డున నిలబడి ఉంటుంది. మనకు వీపే కనబడుతుంది. తడి జుట్టు, నీళ్ల చప్పుడు, మళ్లీ వీపు. గంటసేపు జాకెట్టు చూపించి దెయ్యం అంటే ఎవరు భయపడతారు? నేను ఆవలిస్తుంటే అన్సర్ మాత్రం రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

ఇంటర్వెల్ పడింది. వాడు లేవలేదు.

"నువ్వు పో ఆపా," అన్నాడు తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆమె మొగం చూసొస్తా."

స్కూటర్ మీద ఫోన్ నిలబెట్టి మొదలుపెట్టాను. తిట్టాల్సినవన్నీ తిట్టి, చివర్లో, "సెకండాఫ్‌లో ఏముంటాది? ఆమె ఈ పక్కకు తిరుగుతాది. మొగం చూసినోడు సస్తాడు. ఇంతకు మించి ఏమన్నా ఉంటే నా ఛానల్ మూసేస్తా" అన్నాను. వీడియో పెట్టేశాను.

జనం బండ్లు తీసుకుని వెళ్లిపోతున్నారు. నా మాట ఇంత తొందరగా పనిచేసిందా అని కాస్త గర్వపడ్డాను కూడా. థియేటర్ మేనేజర్ నారాయణ గేటుకు గొలుసు వేస్తున్నాడు.

"ఏందప్పా, సెకండాఫ్ ఉండంగానే గేటేస్తాండావు?"

"సెకండాఫ్ యాడిదమ్మా? తీసిందే అంత. ఆ యేషం కట్టిన వసంతమ్మ షూటింగులోనే ఏట్లో పడి పాయె. ఆమె గుర్తుగా తీసిన మటుకు ఒక్క ఆట ఏసుకుంటానని రాజశేఖర్ బతిమాలుకున్యాడు. ఈడ అందరికీ తెలుసు."

నేను ఎవరినీ అడగలేదు. సినిమా గురించి ఇంకొకరిని అడగడం నాకు అలవాటు లేదు.

"మా తమ్ముడు లోపలే ఉండాడు."

"మిషన్ ఆపేసినామే..." అంటూ ఆగిపోయాడు నారాయణ. హాల్లోంచి నీళ్ల చప్పుడు వస్తోంది.

తలుపు తోశాను. తెర వెలగడం లేదు. ఫ్యాన్లు తిరగడం లేదు. బురద వాసన గుప్పుమంది. తలుపులోంచి పడిన వెలుతురులో ముందు వరసలో అన్సర్ వీపు కనిపించింది. పక్క సీట్లో... ఇంకో వీపు. తడి జుట్టు. కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి...

"అన్సర్... లేయ్‌రా..."

వాడు కదల్లేదు. ఆ తల కదిలింది. మెల్లగా... వాడి వైపు తిరుగుతోంది.

"చూడొద్దు... చూడొద్దురా..."

నారాయణ టార్చి వేశాడు. పక్క సీటు ఖాళీ. చేయి పెట్టి చూశాను. తడి. అన్సర్ రెండు చేతులతో మొహం కప్పుకుని వణుకుతున్నాడు.

ఇల్లు చేరాం. ఆ రోజు నుంచి అమ్మతో వాడు మామూలుగానే మాట్లాడతాడు. నేను గదిలోకి వస్తే మాత్రం గోడ వైపు తిరిగిపోతాడు. నేను అన్నం పెడితే తినడు. నా గొంతు వినబడితే చాలు, కళ్లు మూసుకుంటాడు. మనిషి సగమైపోయాడు. డాక్టరు ఏమీ లేదంటాడు. అమ్మ దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. నాకు భయమేసింది. వాడు నాకు దక్కడేమోనన్న భయం.

"ఏం చూసినావురా?" అని తలుపు బయట నిలబడి అడిగాను.

లోపలి నుంచి గుసగుసగా... "చూసినోడు సస్తాడని నువ్వే చెప్తివి గదా ఆపా. ఒకసారి చూసినా. మళ్లా చూపియ్యొద్దు."

ఎంతమంది నిర్మాతలు బెదిరించినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు నేను. ఆ పూట తీసుకున్నాను. పాత వీడియో తీసేసి కొత్తది పెట్టాను. "సెకండాఫ్ నేను చూడలేదు. దాంట్లో ఎవరూ సావరు. సినిమా బాగుంది." బాగాలేదు, ఇప్పుడడిగినా బాగాలేదనే అంటాను. వాడి కోసం బాగుందన్నాను.

మొదటి కామెంటు పులివెందుల నుంచి వచ్చింది, ఎవరో ఖమ్రున్నీసా. అక్కడ కూడా ఆడిందా అని నారాయణకు ఫోన్ చేశాను. ఆ బొమ్మ జమ్మలమడుగు దాటి ఎక్కడికీ పోలేదన్నాడు. కామెంటు మళ్లీ చదివాను.

"నిన్న ఈడ పూర్తిగా చూసినాం అక్కా. ఆమె ఈ పక్కకు తిరిగినంక గానీ అది నువ్వని తెలీలే. ఆఖర్లో మీ తమ్ముడు సచ్చిపోయే సీను మటుకు చూడలేకపోతిమి."