వినపడగానే ఒకటి వెయ్యి

మా గువ్వకి నాలుగేళ్ళు. దాని అసలు పేరు బడి కాగితాల్లో తప్ప ఇంకెక్కడా పలకదు. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. మిషన్ ముందు గదిలో ఉంటుంది. దాని వెనక పరదా, పరదా అవతల బట్టల తానులు దాచుకునే చిన్న గది. మా ఆయన లారీ మీద వెళితే వారానికోసారి వస్తాడు. మిగతా రోజులు నేనూ, గువ్వా, మిషనూ.

ఆర్నెల్ల కిందటి దాకా అది మిషన్ కిందే ఆడుకునేది. తర్వాత ఏమైందో ఏమో, చప్పుడైతే చాలు, రెండు చెవులూ మూసుకుని బిగుసుకుపోవడం మొదలెట్టింది. గరిటె కింద పడినా అంతే, కుర్చీ జరిపినా అంతే. ఏడ్చేది మాత్రం కాదు. ఊపిరి బిగబట్టి పరదా వైపు చూసేది.

"తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదరవంటారు. నీ కూతురేమిటే, గరిటె చప్పుడుకే బెదిరి చస్తోంది?" అంది మా అత్తగారు, చూడ్డానికి వచ్చినప్పుడు. నాకు ఒళ్ళు మండింది. అన్నందుకు కాదు, నిజమైనందుకు.

నాకు తోచిన వైద్యం నేను చేశాను. కుర్చీ కాళ్ళకి గుడ్డముక్కలు కట్టాను. మిషన్ కింద పాత దుప్పటి నాలుగు మడతలేసి పరిచాను. కాలింగ్ బెల్లులో బ్యాటరీలు పీకేశాను. గిన్నెకీ గిన్నెకీ మధ్య కాగితాలు పెట్టాను. చివరికి మా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేది. గువ్వ మాత్రం నెమ్మదించలేదు, నేను దగ్గినా చెవులు మూసుకోసాగింది.

బడిలో వారం రోజులు చూసి ఇంటికి పంపేశారు. చెవులు బాగున్నాయని డాక్టరు కాగితం తెస్తేనే మళ్ళీ చేర్చుకుంటామన్నారు. ఆ రోజు నేను మూడుసార్లు వేలికి సూది దించుకున్నాను. ఒక్కగానొక్క పిల్ల. ఇలాగే ఉండిపోతే దాని గతేమిటన్న ఆలోచన కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు.

చెవుల పరీక్ష చేసే ఆవిడ మమ్మల్ని సాయంత్రం ఆఖరున పిలిచింది. నవ్వు మొహం మనిషి. గువ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నేను సూదీ వెయ్యను, మందూ పొయ్యను. మనం ఆడుకుందాం, సరేనా?" అంది.

ఆట ఇది. ఒక గిన్నె నిండా చెక్కముక్కలు. పక్కన ఖాళీ డబ్బా. చెవిలో "పీప్" అని వినపడగానే ఒక ముక్క తీసి డబ్బాలో వెయ్యాలి. ఎంత సన్నగా వినపడినా సరే, వినపడగానే ఒకటి వెయ్యాలి. ఆవిడ పరీక్ష గది బయట కూర్చుని మీట నొక్కుతుంది. లోపలి మైకులోంచి ముక్క పడిన చప్పుడు విని కాగితం మీద గుర్తు పెట్టుకుంటుంది.

"అమ్మా, మీరు పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. మీరు కూడా ఇవి పెట్టుకోవాలి," అని నా చెవులకి దిట్టమైన మూతలు తగిలించింది. "మీకు వినపడితే తెలీకుండానే కదులుతారు. పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు. ఎదురుగా గోడ తప్ప ఏమీ చూడకండి."

ఆ గది మా పరదా గది కన్నా చిన్నది. గోడల నిండా బూడిదరంగు స్పంజి. పాత స్పంజి, ముక్కిపోయిన వాసన వేస్తోంది. రెండు కుర్చీలు. ఒకదాంట్లో మేము కూర్చున్నాం, పక్కది ఖాళీ. తలుపు జానెడు మందం ఉంది. అది మూసుకోగానే బయటి లోకం ఆగిపోయింది.

గువ్వ చెవులకి "పీప్" వినిపించే మూతలు పెట్టారు. చిన్న బల్ల మీద గిన్నె, డబ్బా. నేను గోడ చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి గువ్వ కదిలింది. గిన్నెనీ డబ్బానీ మెల్లగా ఖాళీ కుర్చీ వైపు తోసింది. దాని పెదాలు కదలడం ఓరకంట చూశాను. ఏదో అంది. నా చెవులకి మూతలున్నాయి కదా, వినపడలేదు. తర్వాత నా వైపు తిరిగి, నా మెడలో మొహం దాచుకుని, రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి పడుకుంది. అంతే. ఇరవై నిమిషాలు మళ్ళీ కదల్లేదు. ఒక్క ముక్క కూడా వెయ్యలేదు.

పోయింది, పరీక్ష చెడిపోయింది అనుకున్నాను. ఇక కాగితం ఇవ్వరు.

తలుపు తెరుచుకుంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"బంగారంలాంటి చెవులమ్మా! ఒక్కటి కూడా తప్పలేదు. చివర్లో చప్పుడు అడుగుదాకా తగ్గించాను, ఇంక దాని కింద లేదు. అప్పుడు కూడా టక్కున వేసింది!"

నేను బల్ల వైపు చూశాను.

గిన్నె ఖాళీ. చెక్కముక్కలన్నీ డబ్బాలో ఉన్నాయి.

గువ్వ వెయ్యలేదండీ అని అప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ అప్పటికే కాగితం మీద సంతకం పెడుతోంది. ఆ కాగితం ఉంటే పిల్ల బడికి వెళుతుంది. నేను అబద్ధం ఆడలేదు. నోరు మూసుకున్నాను, అంతే.

"ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంచకండి," అంది ఆవిడ. "నిశ్శబ్దం ఎక్కువైతే చెవి ఇంకా సున్నితమవుతుంది. చిన్న చిన్న చప్పుళ్ళు అలవాటు చెయ్యండి. ఈ ఆటే ఇంట్లో రోజూ ఆడించండి, భయం పోతుంది."

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. కాగితం చేతిలో ఉంది కాబట్టి ధైర్యం తెచ్చుకున్నాను. పిల్లే వేసి ఉంటుంది, నేనే చూడలేదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గిన్నెలో ఖాళీ దారపు రీళ్ళు పోసి, పక్కన బిస్కెట్ల రేకు డబ్బా పెట్టాను.

"నేను మిషన్ తొక్కుతాను. వినపడగానే ఒకటి వెయ్యి. సరేనా?"

గువ్వ రెండింటినీ ఎత్తుకెళ్ళి పరదా కిందనుంచి లోపలికి తోసేసింది. పరుగున వచ్చి నా ఒళ్ళోకెక్కింది.

"వద్దమ్మా," అంది గుసగుసగా. "ఆట వచ్చేసింది."

"ఎవరికే?"

గువ్వ చెవులు మూసుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడట్లేదనుకుంటుంది. నా కూతురు ఆర్నెల్లుగా చెవులు మూసుకుంటోంది, మన చప్పుడు ఇంకెవరికీ వినపడకూడదని.

అయినా నా మొండితనం నాది. మిషన్ మీద ఒక్కసారి కాలు వేశాను.

పరదా వెనక... టంగ్.

రేకులో రీలు పడింది.

నా వేలి తొడుగు జారి దుప్పటి మీద పడింది. నాకే సరిగ్గా వినపడలేదు.

టంగ్.

"పద... బయటికి పోదాం," అన్నాను పెదాలతోనే.

టంగ్.

లేవబోయాను. చీర అంచు నేలకి రాసుకుంది.

టంగ్. ఈసారి దగ్గరగా. డబ్బాని జరుపుకుంటూ వస్తున్నట్టు, పరదా అంచు లోపలినుంచి కొంచెం ముందుకొచ్చింది.

తలుపు ఆరడుగుల దూరంలో ఉంది. దాని గడియ తీస్తే కిర్రుమంటుంది. కదలకుండా ఉండిపోయాను. ఊపిరి బిగబట్టాను. గువ్వ కూడా బిగబట్టింది, దానికి అది అలవాటే. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఇంత నిశ్శబ్దం చేసి పెట్టింది నేనే.

ఆగింది...

ఆగిందనే అనుకున్నాను.

టంగ్... టంగ్... టంగ్... టంగ్...

నేనేమీ కదల్లేదు. గువ్వ కదల్లేదు. అయినా పడుతూనే ఉన్నాయి, ఒకదాని వెంట ఒకటి, ఒకే లయలో. నాకు భయం పెరిగిన కొద్దీ అవి కూడా తొందరగా పడుతున్నాయి. గిన్నెలో నేను పోసినవి పన్నెండు రీళ్ళే.

గువ్వ తన చెవుల మీది చేతులు తీసేసింది. ఆ రెండు చేతులూ నా గుండె మీద పెట్టి గట్టిగా అదిమింది.

"అమ్మా..." అంది నా చెవిలో. "ఇది కూడా ఆపెయ్."