నాలుగు లైట్లు

జడ్సన్ చావు పోలీసు రిపోర్టులో మూడు వాక్యాలకు మించలేదు. సముద్రపు ఒడ్డున ఆపిన కారవాన్‌లో, మంచం కింద, గ్యాస్ సిలిండర్ పక్కన, బ్యాటరీ చచ్చిన బండిని స్టార్ట్ చేసే లిథియం జంప్ స్టార్టర్ ఉంది. ఎండ వేడికి అది ఉబ్బి, పగిలి, అంటుకుంది. నిద్రలో ఉన్న మనిషి బయటపడలేకపోయాడు.

"నాలుగో వాక్యం వాళ్లకు తెలియదు," అన్నాడు చీఫ్. "జడ్సన్ మన సాక్షి."

నెల్లూరులో రొయ్యల మేత అమ్మే దుకాణం పైన ఒక ఇరుకు గది. మేత వాసన మెట్లెక్కి వచ్చేది. చీఫ్ ఎదురుగా కూర్చున్న శివశంకర్‌కు నలభై తొమ్మిదేళ్లు. ఇరవై ఏళ్లుగా ఫీల్డ్ ఏజెంట్. అతనికి ఫ్యాను కింద కుర్చీ దొరికింది. ఆ మధ్యాహ్నానికి అదే పెద్ద ఉపకారం అనుకున్నాడు.

చీఫ్ ఫైల్ తిప్పుతూ కేసు వివరించాడు. ఫిష్ ఫైండర్ అని చెప్పి ఒక విదేశీ ముఠా ఈ తీరంలో పడవల అడుగున చిన్న పెట్టెలు బిగిస్తోంది. ఆ పెట్టెలు వెతికేది చేపల్ని కాదు. నీళ్ల కింద తిరిగే మన నౌకల చప్పుడు విని, శాటిలైట్‌కు పంపిస్తాయి. ముఠా నాయకుడు రొయ్యలు కొనే వ్యాపారిగా చలామణి అవుతున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ పేరు 'ఉప్పు'. పెట్టెలు చేతికిచ్చేటప్పుడు అతని ముఖం చూసినవాళ్లు ఇద్దరే. బ్రోకర్ జడ్సన్ ఒకడు. జువ్వలదిన్నె హార్బర్‌లో పడవ ఇంజిన్లు బాగుచేసే మెకానిక్ చోటే సాహెబ్ రెండోవాడు.

"సాయిబును కూడా కారవాన్‌లోనే తిప్పుతావు. రోజుకో ఊరు. కదిలే ఇల్లు కాబట్టి అడ్రస్ ఉండదు. నీ బండిలో జంప్ స్టార్టర్ ఎక్కడుంటుంది?"

"డాష్‌బోర్డ్ మీద సార్."

చీఫ్ కాసేపు కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత పావుగంట పాఠం చెప్పాడు. అద్దాలు మూసిన బండిలో ఎండపూట డాష్‌బోర్డ్ అరవై డిగ్రీలు దాటుతుంది. అది గ్యాస్ దగ్గరా ఉండకూడదు, మంచం కిందా ఉండకూడదు. సగానికి పైగా ఛార్జితో, నీడలో, ఇనుప డబ్బాలో ఉండాలి. మూడు నెలలకోసారి ఛార్జింగ్ పెట్టకపోతే అవసరానికి పనికిరాదు. కాస్త ఉబ్బినా బండిలోంచి తీసేయాలి.

"ఇవేవీ ఎవరూ పాటించరు. అందుకే జడ్సన్ చావును ఎవరూ అనుమానించలేదు," అన్నాడు చీఫ్. "హంతకుడికి మన అజాగ్రత్తే మారువేషం, శివా."

శివశంకర్ బండి దగ్గరికి వెళ్లి జంప్ స్టార్టర్‌ను డాష్‌బోర్డ్ మీంచి తీసి సీటు కింది అరలో పెట్టాడు. ఛార్జింగ్ రేపు చూసుకుందాం అనుకున్నాడు.

కవర్ స్టోరీ తేలికైనది. శివశంకర్ ముందుగానే రిటైరైన బ్యాంకు మేనేజరు. చోటే సాహెబ్ వంటమనిషి. మేనేజరు భార్యగా డిపార్ట్‌మెంట్ పంపిన ఏజెంట్ పేరు ధనలక్ష్మి. నాలుగు భాషలు వచ్చు, మూడు దేశాల్లో పనిచేసింది. ఆ పాతకాలపు పేరుకూ ఆ నల్ల కళ్లద్దాలకూ, గాలికి ఎగిరే పట్టు స్కార్ఫుకూ పొత్తు కుదరదు. ఆమె నవ్వితే పెట్రోలు బంకు కుర్రాళ్లు లీటర్లు మర్చిపోయేవాళ్లు. వెనకాల ఎస్కార్ట్‌గా ఒక జీపు. దాన్ని ఆమే నడిపేది.

మూడు రోజులు గడిచాయి. సాహెబ్ చేసిన ఉప్మా మూడు రోజులూ మాడింది. ఇంజిన్ అయితే చెయ్యి పెట్టగానే చెప్తుంది, ఈ రవ్వ ఏమీ చెప్పదు సారూ, అని అతను వాపోయేవాడు. యాభై ఐదేళ్ల మనిషి, గోళ్లలో గ్రీజు ఎప్పటికీ పోదు. రోజూ సాయంత్రం జంప్ స్టార్టర్ బయటికి తీసి, బిడ్డ జ్వరం చూసినట్టు చేతి మండతో తాకేవాడు. దాని మీద ఛార్జి చూపే నాలుగు లైట్లలో మొదటి రోజే రెండే వెలిగాయి. మూడో రోజుకు ఒకటే. ఛార్జింగ్ పెట్టమని మూడుసార్లు చెప్పాడు. రేపు, అన్నాడు శివశంకర్ మూడుసార్లూ. చివరికి సాహెబ్ ఆ ఛార్జింగ్ వైరు తీసి జేబులో పెట్టుకున్నాడు. మనుషులు నిద్రపోతుండగా ఎవరూ దాన్ని ప్లగ్గుకు తగిలించకూడదని అతని పట్టుదల. పడవల మీద ముప్పై ఏళ్లు పనిచేసినవాడి భయం అది.

నాలుగో ఉదయం తోటపల్లి గూడూరు మండలంలో ఒక చిన్న పల్లెపాలెం దగ్గర ఉన్నారు. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఉప్పుటేరు, ఎదురుగా సరుగుడు తోట. తోట మధ్యలోంచి నెల్లూరుకు ఒకే ఒక రోడ్డు. వేటకు వెళ్లిన పడవలు ఇంకా తిరిగి రాలేదు. సముద్రం మీద గాలి లేదు. కాకులు కూడా ఎందుకో అరవడం మానేశాయి.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"చేపలు ఎండాయా?" అంది చీఫ్ గొంతు.

"ఇంకా తేమ ఉంది."

కోడ్ సరిపోయింది. చీఫ్ వేగంగా మాట్లాడాడు. ఉప్పు మధ్యాహ్నం చెన్నైలో విమానం ఎక్కుతున్నాడు. పదింటికి నెల్లూరు హోటల్ ఖాళీ చేస్తాడు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. సాయిబు వచ్చి, ముఖం చూసి, వీడే అని చెప్తే తప్ప అతని మీద చెయ్యి వేయడం కుదరదు.

శివశంకర్ తాళం తిప్పాడు. టిక్కుమని ఒక చిన్న చప్పుడు. అంతే.

ధనలక్ష్మి నుదురు కొట్టుకుంది. రాత్రి పాలు విరిగిపోతాయని ఫ్రిజ్‌ను ఇంజిన్ బ్యాటరీ లైన్‌కు మార్చానని, తిరిగి మార్చడం మర్చిపోయానని చెప్పింది. జీపు బ్యాటరీతో కలుపుదామా అంటే, కేబుళ్లు వెతికే టైమ్ లేదంది. సీటు కింది అరలోంచి జంప్ స్టార్టర్ తానే తీసి శివశంకర్ చేతిలో పెట్టింది.

"రెండు నిమిషాల పని శివా. నేను ముందెళ్లి రోడ్డు చూస్తాను. తోటలో ఇద్దరు తుపాకీవాళ్లు తిరుగుతున్నారని ఇన్‌పుట్ వచ్చింది."

జీపు ఇసుక చిమ్ముకుంటూ వెళ్లి సరుగుడు చెట్ల మొదట్లో ఆగింది. శివశంకర్ బానెట్ ఎత్తాడు. ఎర్ర క్లిప్పు బ్యాటరీకి తగిలించాడు. నల్ల క్లిప్పు నోరు తెరిచి వంగాడు. ఇంకా రెండు అంగుళాల దూరం ఉంది.

గ్రీజు గోళ్ల చెయ్యి అతని మణికట్టును పట్టుకుంది. సాహెబ్ రెండో చేతిలో టీ గ్లాసు ఉంది.

"సారూ, కదలబాకండి. ఎన్ని లైట్లు ఉండాయో చూడండి."

నాలుగు. నాలుగూ పచ్చగా, నిండుగా వెలుగుతున్నాయి.

"నిన్న సాయంత్రం ఒకటే కదా. మీరు ఛార్జింగ్ పెట్టినారా?"

"లేదు."

"నేనూ పెట్టలే. వైరు నా జేబులోనే ఉండాది. దీని పిన్ను వేరే, ఫోన్ వైరు పట్టదు." సాహెబ్ గొంతు తగ్గించాడు. "ఇది మనది కాదు సారూ. మనది ఇంత మంచిది కాదు."

శివశంకర్ చేతిలోని క్లిప్పును వెనక్కి తీసుకున్నాడు. నల్ల క్లిప్పు తగిలిన క్షణం ఏమవుతుందో అతనికి అర్థమైంది. జడ్సన్ రిపోర్టులో పేరు మార్చి మరో మూడు వాక్యాలు. నిన్న మధ్యాహ్నం ధనలక్ష్మి ఎండ క్రీము కొనాలని నెల్లూరు వెళ్లి, పెద్ద సంచితో తిరిగొచ్చింది. ఫ్రిజ్ లైన్ మార్చింది ఆమె. ఈ వస్తువు చేతికిచ్చింది ఆమె. ఇప్పుడు మూడు వందల గజాల దూరంలో చెట్ల నీడలో ఏదో అద్దం మెరిసింది. అది బైనాక్యులర్.

అతను ఎర్ర క్లిప్పును, నిద్రపోతున్న పాము మీంచి గుడ్డ తీసినంత నెమ్మదిగా తీశాడు.

చెవిలోని ఇయర్‌పీస్ పలికింది. "స్టార్ట్ అయిందా శివా?"

"టర్మినల్ తుప్పు పట్టింది. గీకుతున్నాను."

"ఎంతసేపు?"

"ఐదు నిమిషాలు."

"ఐదే. తర్వాత వాళ్లు వచ్చేస్తారు."

ఆ వాళ్లు ఎవరివాళ్లో ఇప్పుడు తెలుసు. పరుగెత్తడానికి ఉన్నది ఆ ఒక్క రోడ్డే. మైకుకు వినపడకుండా చెయ్యి అడ్డం పెట్టి శివశంకర్ సాహెబ్‌కు ఆ మాటే చెప్పాడు. సాహెబ్ టీ తాగడం పూర్తి చేసి గ్లాసు బంపర్ మీద పెట్టాడు.

"అది పేలాలని కదా ఆమె కాచుకోని ఉండేది. పేల్చి చూపిస్తాం సారూ. మనల్ని వదిలిపెట్టి."

ఎత్తిన బానెట్ వాళ్లిద్దరినీ తోటవైపు నుంచి కప్పేసింది. బండి వెనక చేపల చెత్త పాతిపెట్టే గుంట ఉంది. దాని పక్కనే పెంచలమ్మ టీ కొట్టు. ఆమె లైటు కోసం పెట్టుకున్న పాత పడవ బ్యాటరీ సాహెబ్ కంట్లో పడింది.

"అక్కా, ఇది కావాల. మళ్లీ రాదు."

"నా లైటు ఎవరిస్తారయ్యా?" అంది పెంచలమ్మ.

"గవర్నమెంటు ఇస్తుందమ్మా," అన్నాడు శివశంకర్.

"అయితే పోయినట్టే," అని ఆమే బ్యాటరీ ఎత్తి ఇచ్చింది.

శివశంకర్ విషయం చెప్పగానే పాలెం పెద్ద చిన్నపోలయ్య ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. వల లాగాలి రమ్మన్నట్టు చెయ్యి ఊపుతూ ఆడవాళ్లనూ పిల్లలనూ ఇసుక దిబ్బ అవతలికి నడిపించాడు. నాలుగు నిమిషాలు మిగిలాయి. సాహెబ్ గుంటలో బ్యాటరీ దించి ఎర్ర క్లిప్పు తగిలించాడు. నల్ల క్లిప్పు నోట్లో ఒక సరుగుడు పుల్ల అడ్డం పెట్టి, బ్యాటరీ మొనకు తగలకుండా, అటూ ఇటూ నోరు వచ్చేట్టు నిలబెట్టాడు. పుల్లకు వల దారం కట్టాడు. పుల్ల జారితే క్లిప్పు కరుస్తుంది. ముడి రెండుసార్లు ఊడింది. మూడోసారి పళ్లతో బిగించాడు.

"శివా, ఏం చేస్తున్నావు?" ఇయర్‌పీస్‌లో గొంతు మారింది. "టైమ్ అయిపోయింది. వాళ్లను పంపిస్తు..." ఆ మాట అక్కడే తెగింది. జీపు పక్కనున్న చెట్లలోంచి రెండు మోటార్‌సైకిళ్ల చప్పుడు లేచింది.

"ఇప్పుడే తగిలిస్తున్నాను," అన్నాడు శివశంకర్.

ఇద్దరూ దిబ్బ వెనక పడ్డారు. సాహెబ్ దారం లాగాడు. రాలేదు. చేతికి మరో చుట్టు చుట్టి లాగాడు.

ఇసుక తాటిచెట్టంత ఎత్తు లేచింది. కారవాన్ వెనక అద్దం పొడి అయింది. గుంటలోంచి తెల్లని మంట, ఆ వెంటనే నల్లని పొగ. చిన్నపోలయ్య పాత వలలు గుంటలో పడేస్తే పొగ ఇంకా చిక్కబడింది. తోటవైపు నుంచి చూసేవాళ్లకు బండే తగలబడుతున్నట్టుంది. అంతవరకూ లేని గాలి ఆ నిమిషంలోనే తిరిగి, పొగను గుడిసెల మీదికి కాకుండా సముద్రం మీదికి తోసింది. శివశంకర్ ఆ గాలికి మనసులోనే దణ్ణం పెట్టాడు.

మోటార్‌సైకిళ్లు వెనక్కి తిరిగి దూరమయ్యాయి. ఇయర్‌పీస్ మూగబోయింది. మూడు రోజులు భార్యగా ఉన్న మనిషి, పేలుడు విన్నాక ఒక్కసారైనా అతన్ని పేరు పెట్టి పిలవలేదు. అది గుచ్చుకుంది.

ఫోన్ మోగింది. చీఫ్.

"ఇప్పుడే ఒక కాల్ పట్టుకున్నాం. తొమ్మిది సెకన్లు. మన ధనలక్ష్మి నంబరు. 'వంట అయిపోయింది' అంది. అవతలివాడు హోటల్లోనే ఉన్నాడు. కానీ అక్కడ రొయ్యల వ్యాపారులు ఆరుగురున్నారు. ఉప్పు ఎవరు?"

"సాయిబు చెప్తాడు సార్. బతికే ఉన్నాడు."

ధనలక్ష్మి పని పూర్తయిందో లేదో చూసుకోకుండా వెళ్లే మనిషి కాదు. పది నిమిషాలకు జీపు వచ్చింది. దిగి తాళం వేసింది. జుట్టు రేపుకుని, స్కార్ఫుతో కళ్లు ఒత్తుకుంటూ పొగలోంచి నడిచి వచ్చింది. భర్త పోయినదాని ఏడుపు, తప్పు పట్టలేనంత బాగుంది. పొగ పలచబడింది. పెంచలమ్మ బల్ల మీద చోటే సాహెబ్ కూర్చుని రెండో గ్లాసు టీ తాగుతున్నాడు.

"రండమ్మా," అన్నాడు. "ఉప్మా లేదు. ఇడ్లీ ఉండాది."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లేలోపు శివశంకర్ వెనకనుంచి బ్యాగును మెల్లగా లాక్కున్నాడు. లోపల చిన్న పిస్టల్, మూడు ఫోన్లు. ఆమె పెనుగులాడలేదు. నల్ల కళ్లద్దాలు తీసి అతన్ని చూసింది. ఎంత ఇచ్చారని అతను అడగలేదు. ఎందుకని కూడా అడగలేదు. ఆమె మాత్రం ఒక పని చేసింది. గుప్పిట్లో ఉన్న జీపు తాళాన్ని ఉప్పుటేరు మధ్యలోకి విసిరేసింది.

"పదింటికి నెల్లూరు ఎలా వెళ్తావు శివా?"

టైమ్ ఎనిమిదీ యాభై. పాలెంలో ఉన్న ఒకే పెద్ద బ్యాటరీ గుంటలో బూడిదైంది. జీపు బానెట్‌కూ తాళమే, పగలగొట్టి బ్యాటరీ తీసే టైమ్ లేదు. మిగిలినవన్నీ పడవల్లో, సముద్రం మీద. సాహెబ్‌ను పాలెంవాళ్ల మోటార్‌సైకిల్ వెనక కూర్చోబెట్టి తుపాకీవాళ్లున్న రోడ్డు మీద తీసుకెళ్లడం కుదరదు. కారవాన్ గోడల్లోనే ఉక్కు రేకులున్నాయి.

సాహెబ్ కారవాన్ తాళం తిప్పి, డాష్‌బోర్డ్ మీద మసకగా వెలిగిన దీపాలు చూశాడు. ఇంజిన్ తిప్పే బలం లేదు గానీ ప్రాణం ఉండాది, అన్నాడు. మనుషులు తోస్తే అందుకుంటుంది.

చిన్నపోలయ్య దిబ్బ వైపు తిరిగి కేకేశాడు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, ఆ పూట వేటకు వెళ్లనివాళ్లు వచ్చారు. పడవను ఒడ్డుకు చేర్చినట్టే బండి నడుముకు మోకు చుట్టారు, వీపులు ఆనించారు. పెంచలమ్మ కొంగు బిగించి ధనలక్ష్మిని కూడా భుజం పట్టి నిలబెట్టింది. "ఊరికే నిలబడితే ఎట్లమ్మా, తొయ్యి," అంది. చేతులు స్కార్ఫుతో కట్టేసి ఉన్నాయి గనుక ఆమె వీపుతో తోయాల్సి వచ్చింది.

నాలుగు టన్నుల బండి ఇసుకలో ఒక జానెడు కదిలింది. తర్వాత ఒక బారెడు. గట్టి రోడ్డు ఇంకా ఇరవై గజాలుంది. ఫోన్ మోగింది.

"బయల్దేరారా?" అన్నాడు చీఫ్. "పోలీసులు తోట రెండో చివర్లో ఉన్నారు, ఆ ఇద్దరూ దొరికారు. రోడ్డు ఖాళీ. ఎంత స్పీడులో వస్తున్నారు?"

స్టీరింగ్ పట్టుకున్న శివశంకర్ అద్దంలో వెనక్కి చూశాడు.

"పదిహేడు మంది స్పీడులో సార్. అందులో ఒకరు శత్రుపక్షం."