ఏటొడ్డుపాలేనికి మొలిచిన దారి

శారదా నది తీరంలో కడుతున్న కొత్త నగరానికి ఇళ్ల కంటే ముందు దారులు వచ్చాయి. వాటిని ఎవరూ వేయలేదు. అవే మొలిచాయి. నేలపై చల్లిన నల్లని జీవపదార్థం సైకిలు చక్రం ఒరిపిడికి గట్టిపడి, నీలంగా మారి, వెడల్పవుతుంది. ఎవరూ తిరగని చోట మళ్లీ గడ్డికి చోటిస్తుంది. దానికి 'మొలకదారి' అని పేరు. దారి తగినంత పెరగగానే, డ్రైవరు లేని 'అనుగామి' బస్సు దాన్ని పసిగట్టి వస్తుంది. ఎక్కడ చక్రాలు ఎక్కువ తిరిగితే అక్కడికే ముందు వెళుతుంది.

ప్రారంభోత్సవం నాటి ఉదయం దారుల పరిశీలకురాలు వకుళ మణికట్టు మీది పటం చూసి ఆగిపోయింది. నగరం సరిహద్దు దాటి తూర్పుగా ఒక నీలి పాయ సాగింది. ప్రణాళికలో అక్కడ ఏమీ లేదు.

వెంటనే సైకిలెక్కింది. తుమ్మచెట్ల మధ్యగా పాయ ఆమెను ఏటొడ్డుపాలెం అనే చిన్న ఊరికి చేర్చింది. ఊరి మొదట్లో ఆడవాళ్లు సైకిళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరికంటే పెద్దామె నూకరత్నం ముందుకొచ్చింది.

"మేం ఏటీ సేయనేదమ్మా. మా ఊళ్లో అన్నీ రాళ్లే. సైకిలు నేర్సుకోడానికి సాయంత్రంపూట మీ కాళీ రోడ్లమీదకొచ్చేవోళ్లం. ఇలా మా ఎనకాలే మొలుసుకొచ్చేసింది."

వకుళకు అప్పుడు అర్థమైంది. టైర్లకు అంటుకున్న జీవపదార్థం వాళ్లతోపాటే ఊరికి వచ్చింది.

"ఈ వయసులో సైకిలు ఎందుకు నేర్చుకున్నారండీ?"

నూకరత్నం పక్కనున్న అమ్మాయి భుజం మీద చెయ్యేసింది. "మా కుసుమకి అనకాపల్లిలో నర్సింగు సీటొచ్చింది. ఈ ఊరికి బస్సు నేదు. కొత్త ఊరి బస్సుదాకా దీన్ని నేనే దింపుదారని."

ఇంతలో ముఖ్య ఇంజనీరు వాసుదేవరావు ఫోను. "ఆ తూర్పు పాయకు మందు కొట్టించి మాడ్పించండి. నగరంలో ఇళ్లు కొన్నవాళ్ల కోసం వేసిన బస్సులవి. గంటలో మంత్రిగారితో తొలి బస్సులో బయలుదేరుతున్నాను."

"నేను మాడ్పించను సార్," అంది వకుళ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఫోను పెట్టేసరికి ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరారు. "బస్సు రావాలంటే ఇంకెంత పెరగాలేటి?" అడిగింది నూకరత్నం.

"తుమ్మచెట్ల అవతల సరిపడా ఉంది. ఇక్కడే ఇటూ అటూ ఇంకో మూరెడు చాలు."

"ఒలే, ఎక్కండే!"

ఒక్కసారిగా సైకిలు గంటలు మోగాయి. చీరలు దోపుకుని, వెనక పిల్లల్ని ఎక్కించుకుని, ఊరి నుంచి తుమ్మచెట్ల దాకా పోయేవాళ్లు పోతున్నారు, తిరిగేవాళ్లు తిరుగుతున్నారు. ఒకామె పడింది, లేచింది, మళ్లీ ఎక్కింది. మగవాళ్లు పరుగున వెళ్లి అటకల మీంచి పాత సైకిళ్లు దింపారు. చక్రాల కింద నల్లటి అంచు కళ్లముందే నీలమవుతోంది. వకుళ కూడా వాళ్లలో కలిసిపోయి, ఊపిరాడనంత వేగంగా తొక్కింది.

"వత్తంది! వత్తంది!" అని కుసుమ కేక పెట్టింది.

చెట్ల మధ్య నుంచి పూలదండలతో తొలి బస్సు మలుపు తిరిగింది. అద్దాల వెనక మంత్రిగారు సంబరంగా చెయ్యి ఊపుతున్నారు. వాసుదేవరావు ముఖం మాత్రం కందిపోయింది. తలుపు తెరుచుకోగానే ఆయన దూకినట్టు దిగాడు.

"వకుళగారూ, ఏమిటిది?"

ఆమె జవాబిచ్చే లోపే కుసుమ సంచీ పట్టుకుని ఎక్కింది. ఆ వెనక నూకరత్నం, ఆ వెనక సగం ఊరు. మంత్రిగారు జరిగి చోటిచ్చారు. బస్సు నిండగానే తలుపు మూసుకుంది. అనుగామికి ప్రయాణికులందరూ ఒకటే. ముఖ్య ఇంజనీరు కోసం అది ఆగలేదు.

కదులుతున్న బస్సు కిటికీలోంచి నూకరత్నం తల బయటపెట్టి అరిచింది. "బాబూ, నా సైకిలు అక్కడే ఉంది! తొక్కుకుంటూ వచ్చీండి!"

ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. నవ్వు ఆపుకుంటున్నారు. చివరికి కోటు విప్పి వకుళ చేతికిచ్చి, లేడీస్ సైకిలు ఎక్కి, కాస్త తూలి, నిలదొక్కుకుని, బస్సు వెనకాలే బలంగా తొక్కసాగాడు.